ఆస్తమా ఉన్నవాళ్లు పరుగు మొదలుపెట్టాలంటే: ఆయాసం ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఎలా అదుపులో పెట్టాలి

ఆస్తమా ఉన్న మనిషి పరుగు మొదలుపెడతానంటే చుట్టూ ఉన్నవాళ్ల నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. "నీకెందుకా రిస్కు, నడిస్తే చాలదా?" అనేది మొదటిది. "పరుగెత్తితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, ఆస్తమా దానంతటదే పోతుంది" అనేది రెండోది. రెండూ ప్రేమతో చెప్పేవే, రెండూ తప్పే. మొదటి సలహా చాలామందిని ఏళ్ల తరబడి కదలనివ్వకుండా కూర్చోబెడుతుంది. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది విన్నవాళ్లు ఒంట్లో కాస్త హుషారు రాగానే మందు మానేస్తారు.

పరుగు ఆస్తమాను రేపగలదు. అదే పరుగు జాగ్రత్తగా కొన్ని నెలలు సాగితే రోజువారీ ఆయాసాన్ని తగ్గించగలదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే ఇందులోని చిక్కు. ఆ చిక్కు విడిపోవాలంటే పరుగెత్తుతున్న మనిషి శ్వాసనాళాల్లో ఏం జరుగుతుందో ముందు చూడాలి. అది తెలిస్తే వార్మప్ ఎందుకు, ఇన్‌హేలర్ ఎప్పుడు, ఏ రోజు ఇంట్లో ఉండిపోవాలి అనే ప్రశ్నలకు సగం జవాబులు మనకే తడతాయి.

ఎంత గాలి, ఎలాంటి గాలి

ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తారు. ఆ గాలి ముక్కులోంచి వెళ్తుంది. ముక్కు దాన్ని వెచ్చబెట్టి, తేమ కలిపి, దుమ్ము వడగట్టి పంపిస్తుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు పీల్చే గాలి నిమిషానికి 100 లీటర్లు దాటవచ్చు. అంత గాలిని ముక్కు సర్దుకోలేదు కాబట్టి నోరు తెరుచుకుంటుంది. పొడిగా, చల్లగా, బయట ఎలా ఉందో దాదాపు అలాగే గాలి లోపలి నాళాల దాకా వెళ్తుంది. ముక్కు చేయాల్సిన పని అక్కడి నుంచి శ్వాసనాళాల లోపలి పొర మీద పడుతుంది.

ఆ పొర మీద పలుచటి నీటి పూత ఉంటుంది. లోపలికొచ్చే గాలికి తేమ ఇస్తూ ఇస్తూ అది ఆవిరైపోతుంది. మిగిలిన ద్రవంలో ఉప్పు గాఢత పెరుగుతుంది, అది చుట్టూ ఉన్న కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. ఆ ఒత్తిడికి మాస్ట్ కణాలు (అలర్జీ రసాయనాలను నిల్వ ఉంచుకునే రక్షణ కణాలు) హిస్టమిన్, ల్యూకోట్రైన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను వదులుతాయి. వాటితో నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో ఆ నాళాల్లో ముందే కొంత వాపు ఉంటుంది, ఆ కండరం చిన్నదానికే బిగుసుకునే స్వభావంతో ఉంటుంది. దాంతో దారి ఇరుకైపోతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. దీన్ని వైద్యులు వ్యాయామంతో వచ్చే శ్వాసనాళ సంకోచం అంటారు. ఆస్తమా ఉన్నవాళ్లలో 90 శాతం దాకా ఇది ఎంతో కొంత కనిపించవచ్చు. ఆస్తమా లేని వాళ్లకూ వస్తుంది, ముఖ్యంగా ఏళ్ల తరబడి చలిగాలిలో స్కీయింగ్ చేసేవాళ్లకు, క్లోరిన్ వాసన మధ్య రోజూ గంటలు గంటలు ఈదేవాళ్లకు.

అంటే కాళ్ల కదలికతో పేచీ లేదు. నిమిషానికి ఎంత గాలి లోపలికి పోతోంది, అది ఎంత పొడిగా, ఎంత చల్లగా, ఎంత మురికిగా ఉంది, దాన్ని అందుకునే పొర ఎంత వాచి ఉంది అన్నవే లెక్క. మధ్యమధ్యలో ఆగే ఆటల్లో ఇబ్బంది తక్కువగా ఉండటానికీ, ఆపకుండా అయిదారు నిమిషాలకు మించి గట్టిగా పరుగెత్తితే ఎక్కువగా రావడానికీ కారణం ఇదే. పరుగుకు ఆస్తమా విషయంలో చెడ్డపేరు వచ్చింది కూడా ఇందుకే. అయితే ఇదే లెక్క మనకు అనుకూలంగా కూడా పనిచేస్తుంది. గాలి భారం తగ్గించినా, పొరలోని వాపు తగ్గించినా ఇబ్బంది తగ్గుతుంది. ఇక ముందు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాని కోసమే.

ఇందులో చాలామందిని తికమక పెట్టేది టైమింగ్. పరుగు మొదలైన మొదటి కొద్ది నిమిషాలు బాగానే ఉంటుంది. శ్వాసనాళాలు అప్పుడు కాస్త విప్పారుతాయి కూడా. ఇబ్బంది ఎక్కువగా పరుగు చివర్లో, లేదా ఆగిన తర్వాత మొదలవుతుంది. ఆగి, నీళ్లు తాగి, షూ లేసులు విప్పుకుంటుంటే గొంతులో గరగర వస్తుంది, ఆగని పొడిదగ్గు వస్తుంది, ఛాతీకి పట్టీ బిగించినట్టు అవుతుంది. ఆగాక 5 నుంచి 15 నిమిషాల మధ్య అది బాగా ముదిరి, సాధారణంగా 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది. "పరుగెత్తేటప్పుడు ఏమీ లేదు, ఇంటికొచ్చాక దగ్గు పట్టుకుంది, దారిలో దుమ్ము వల్లేమో" అని చాలామంది వదిలేసేది దీన్నే. పిల్లల్లో ఇది కొన్నిసార్లు పిల్లికూతలు లేకుండా వట్టి దగ్గుగానే కనిపిస్తుంది. ఆట నుంచి వచ్చి రోజూ దగ్గే పిల్లవాణ్ని చల్లటి నీళ్లు తాగాడని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా మనవి.

ఆయాసాలన్నీ ఒకటి కావు

కొత్తగా పరుగెత్తే ఎవరికైనా ఆయాసం వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది వస్తే మనసు వెంటనే కీడు శంకిస్తుంది. ఆ టెన్షన్‌తో ఊపిరి ఇంకా వేగమవుతుంది, దాంతో ఆయాసం నిజంగానే పెరుగుతుంది. అందుకే తేడా తెలుసుకోవడం మందు తెలుసుకోవడమంత ముఖ్యం.

ఒంటికి అలవాటు లేక వచ్చే రొప్పు పరుగుతో పాటే పెరుగుతుంది, ఆగగానే దిగడం మొదలవుతుంది. రెండు మూడు నిమిషాలు నడిస్తే మామూలుగా మాట్లాడగలుగుతాం. అందులో కూత ఉండదు, బిగుతు ఉండదు. ఆస్తమా ఆయాసం ఆగాక కూడా ముదురుతుంది, గాలి బయటికి వదలడం కష్టంగా ఉంటుంది, రిలీవర్ (వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్) తీసుకుంటే తగ్గుతుంది.

మూడో రకం ఒకటుంది. దాని గురించి మనవాళ్లలో మాట్లాడేవాళ్లు బాగా తక్కువ. అది ఊపిరితిత్తుల్లో కాదు, గొంతులో. గట్టిగా పరుగెత్తేటప్పుడు కొందరికి స్వరపేటిక తెరుచుకోవాల్సింది పోయి మూసుకుపోయే వైపు వెళ్తుంది. టీనేజి పిల్లల్లో, అందులోనూ ఆటల్లో బాగా కష్టపడే ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గాలి లోపలికి తీసుకోవడం కష్టమవుతుంది, గొంతు దగ్గర బిగుస్తుంది, ఊపిరి పీల్చేటప్పుడు పెద్ద శబ్దం వస్తుంది. పరుగు పతాక స్థాయిలో ఉన్నప్పుడు హఠాత్తుగా వచ్చి, ఆగిన కొద్ది నిమిషాల్లో పోతుంది. ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు కొట్టినా ఉపయోగం ఉండదు. ఈ పిల్లలకు "తగ్గని ఆస్తమా" అని పేరు పెట్టి మందులు పెంచుకుంటూ పోవడం జరుగుతుంటుంది. వాళ్లకు కావాల్సింది పరుగెత్తిస్తూ గొంతులో కెమెరాతో చూసే పరీక్ష, ఆ తర్వాత స్పీచ్ థెరపిస్టు దగ్గర ఊపిరి తీసుకునే పద్ధతిలో శిక్షణ. ఒకే మనిషిలో ఆస్తమా, ఇది రెండూ ఉండటం కూడా మామూలే.

రక్తహీనత, గుండె జబ్బు కూడా ఆయాసంగానే బయటపడవచ్చు. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ ఉంటే దాన్ని ఆస్తమా ఖాతాలో వేయకూడదు. వెంటనే చూపించుకోవాలి.

అనుమానం ఉంటే పరీక్షతో తేల్చుకోవచ్చు. ట్రెడ్‌మిల్ మీద కొన్ని నిమిషాలు గట్టిగా పరుగెత్తించి, ఆగాక కొంచెం కొంచెం సేపటికి స్పైరోమెట్రీ (ఎంత గాలిని ఎంత వేగంగా వదలగలమో కొలిచే ఊదే పరీక్ష) చేస్తారు. మొదటి సెకనులో బలంగా వదలగలిగే గాలి, పరుగుకు ముందున్న దానికంటే 10 శాతం లేదా అంతకుమించి తగ్గితే సంకోచం ఉన్నట్టు లెక్క. ఇంట్లో అయితే గాలిని ఎంత వేగంగా ఊదగలమో కొలిచే చిన్న పీక్ ఫ్లో మీటర్ ఉంటే చాలు. పరుగుకు ముందు ఒకసారి, ఆగిన పది నిమిషాలకు ఒకసారి ఊది, రెండు అంకెలూ రాసి పెట్టుకుంటే డాక్టరుకు మన మాటల కంటే ఆ కాగితం ఎక్కువ చెప్తుంది.

షూ కొనే ముందు మందు సంగతి

గత 4 వారాల్లో వారానికి రెండుసార్లకు మించి పగటిపూట ఆయాసం గానీ కూతలు గానీ వచ్చాయా? ఆస్తమా వల్ల రాత్రి మెలకువ వచ్చిందా? వారానికి రెండుసార్లకు మించి రిలీవర్ వాడాల్సి వచ్చిందా? ఆస్తమా వల్ల ఏ పనైనా మానుకున్నారా? ప్రపంచమంతా డాక్టర్లు అనుసరించే 'గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా' మార్గదర్శకాల్లోని ప్రశ్నలివి. ఒక్కదానికి అవునన్నా ఆస్తమా పూర్తిగా అదుపులో లేనట్టే. మూడు నాలుగింటికి అవునంటే అసలే అదుపులో లేదు, పరుగు ఆలోచన కొన్ని వారాలు వాయిదా వేసి ముందు డాక్టరును కలవాలి. వాపు మీద ఉన్న నాళాల్లోకి నిమిషానికి 100 లీటర్ల పొడిగాలి పంపడం మంచి ఆలోచన కాదు.

ఆస్తమా మందుల్లో రెండు రకాలున్నాయి. సాల్బుటమాల్ లాంటి రిలీవర్ బిగుసుకున్న కండరాన్ని కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది, వాపును మాత్రం ముట్టుకోదు. పీల్చే స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది. దాని ఫలితం అప్పటికప్పుడు తెలియదు, రోజూ వాడితే కొన్ని వారాల్లో పూర్తిగా కనిపిస్తుంది. రిలీవర్ హాయి వెంటనే తెలుస్తుంది కాబట్టి జనం దాన్నే నమ్ముకుంటారు. స్టెరాయిడ్ అన్న పేరు వింటేనే భయం కాబట్టి రెండోదాన్ని మధ్యలో వదిలేస్తారు. ఇది ఇంటికప్పు కారుతుంటే రోజూ నేల తుడుచుకుంటూ కూర్చోవడం లాంటిది. పీల్చే మందులో స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా నాళాల్లోకి వెళ్తుంది. రోజుల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలతో దాన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం.

2019లో ఆ 'గ్లోబల్ ఇనిషియేటివ్' మార్గదర్శకాలు పెద్ద మలుపు తిరిగాయి. పెద్దవాళ్లకు, టీనేజర్లకు రిలీవర్ ఒక్కదానితోనే వైద్యం నడిపించవద్దని తేల్చిచెప్పాయి. 200 డోసుల రిలీవర్ డబ్బాలు ఏడాదికి 3 లేదా అంతకుమించి అయిపోతున్నాయంటే తీవ్రమైన అటాక్ ముప్పు పెరుగుతుందనీ, 12 లేదా అంతకుమించితే ప్రాణాపాయం ముప్పు కూడా పెరుగుతుందనీ అవి హెచ్చరిస్తాయి. తేలికపాటి ఆస్తమాలో కూడా బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను అవసరమైనప్పుడు వాడే పద్ధతి అప్పుడే ముందుకొచ్చింది. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లో పనిచేస్తుంది, దానితో పాటే స్టెరాయిడ్ కూడా లోపలికి వెళ్తుంది. ఈ ఇన్‌హేలర్‌ను పరుగుకు ముందు కూడా తీసుకోవచ్చు. పరుగెత్తేవాళ్లకు ఇది చాలా మంచి మార్పని నా అభిప్రాయం.

సాల్బుటమాల్ వాడేవాళ్లయితే, డాక్టరు చెప్తే, పరుగుకు సుమారు 15 నిమిషాల ముందు 2 పఫ్‌లు తీసుకుంటారు. 2 నుంచి 4 గంటలు రక్షణ ఉంటుంది. పని చేస్తుంది, సందేహం లేదు. రోజూ వాడుతూ పోతే మాత్రం ఆ రక్షణ పలచబడుతుంది, ఇది బాగా రుజువైన విషయం. కాబట్టి ప్రతి పరుగుకూ పఫ్ లేనిదే కదలలేకపోతుంటే, డాక్టరుకు ఆ మాట చెప్పి రోజూ వాడే మందును సరిచేయించుకోవాలి. మాంటెలుకాస్ట్ మాత్ర కూడా కొందరికి పనికొస్తుంది. దానికి నిద్ర, మూడ్, ఆలోచనల మీద తీవ్రమైన దుష్ప్రభావాలు ఉండొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక చేర్చింది. కాబట్టి ఇంట్లో ఇంకొకరికి రాసిచ్చిన మాత్ర తీసి వేసుకోవద్దు.

ఇన్‌హేలర్ వాడే పద్ధతి దగ్గర చాలా వైద్యం వృథా అవుతుంది. నొక్కి వదిలే రకాన్ని ముందు బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదిలేయాలి. పెదాలతో ఇన్‌హేలర్ మూతిని గట్టిగా పట్టి, నిదానంగా పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే నొక్కి, పీల్చడం ఆపకుండా ఛాతీ నిండేదాకా కొనసాగించాలి. ఆ తర్వాత పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. నొక్కిన తర్వాత పీలిస్తే మందు నాలుక మీద, గొంతు గోడ మీద పడి అక్కడే ఉండిపోతుంది. ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం) పెడితే ఈ టైమింగ్ తంటా ఉండదు, మందు ఎక్కువగా లోపలికి చేరుతుంది. పొడి మందు ఇన్‌హేలర్లకు దీనికి పూర్తిగా వ్యతిరేకం: నిదానంగా పీలిస్తే పొడి విడదు, ఒక్కసారిగా బలంగా లాగాలి. రెండు రకాలూ చేతిలో ఉన్నవాళ్లు ఒకదాని పద్ధతి రెండోదానికి వాడేస్తుంటారు. స్టెరాయిడ్ తీసుకున్నాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. కొత్తగా పరుగెత్తేవాళ్లకు మోకాళ్లు, పిక్కలు నొప్పెడతాయి. నొప్పి మాత్రకు చెయ్యి వెళ్తుంది. ఆస్తమా ఉన్న పెద్దవాళ్లలో సుమారు 7 శాతం మందికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు పడవు. వేసుకున్న కొంతసేపటికే ముక్కు కారడం, ఆయాసం, ఒక్కోసారి ప్రమాదకరమైన అటాక్ వస్తుంది. ముక్కులో కండలు పెరిగి ఆపరేషన్ అయినవాళ్లలో, వాసన తెలియనివాళ్లలో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. ఈ మాత్రలు గతంలో ఏ ఇబ్బందీ లేకుండా వేసుకున్నామా లేదా గుర్తుచేసుకోవాలి. తెలియకపోతే డాక్టరును అడిగాకే వేసుకోవాలి. పరుగెత్తేవాళ్ల గుంపుల్లో ఈ మాత్రలు చేతులు మారుతుండటం చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

మొదటి వారాలు

ఆస్తమా అదుపులో ఉంది, ఇన్‌హేలర్ జేబులో ఉంది. ఇక నెమ్మదిగా, చాలామంది అనుకునేదానికంటే చాలా నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. జాగింగ్ చేస్తున్నప్పుడు కూడా పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. ఒకటి రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తేనే పరుగు నిమిషాలు పెంచాలి. వేగం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. పక్కన పరుగెత్తేవాళ్లు దాటిపోతుంటారు, పోనివ్వండి.

నిదానం ఎందుకంటే గాలి లెక్క కోసమే. మాట్లాడుతూ పరుగెత్తే వేగంలో పీల్చే గాలి గట్టి పరుగులో కంటే చాలా తక్కువ. ఆ వేగంలో కొంతసేపైనా ముక్కుతో పీల్చడం సాధ్యమవుతుంది, దాంతో గాలి తేమగా వెళ్తుంది. కొన్ని నెలలయ్యాక గుండె, కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. అప్పుడు అదే వేగానికి మునుపటికంటే తక్కువ గాలి సరిపోతుంది. మెట్లెక్కడం, బస్సు వెనక పరుగెత్తడం లాంటి పనులు మునుపు ఆస్తమాను రేపే హద్దు దాకా తీసుకెళ్లేవి, ఇప్పుడు ఆ హద్దుకు చాలా ఇవతలే ఆగిపోతాయి. ఆస్తమా ఉన్నవాళ్లలో వ్యాయామ శిక్షణ మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో తేలింది కూడా ఇదే: ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పెరిగింది, శిక్షణను బాగానే తట్టుకున్నారు, ఊపిరితిత్తుల పనితీరు అంకెలు మాత్రం పెద్దగా మారలేదు. పరుగు మందుకు బదులు కాదనడానికి ఆ చివరి మాటే ఆధారం. హాయిగా పరుగెత్తగలుగుతున్నా నాళాల జబ్బు లోపల అలాగే ఉంటుంది.

వార్మప్ విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. వ్యాయామంతో ఒకసారి శ్వాసనాళాలు బిగుసుకున్నాక, దాదాపు సగం మందిలో తర్వాతి ఒకటి నుంచి మూడు గంటల పాటు మళ్లీ అంతగా బిగుసుకోవు. తెలివైన వార్మప్ ఇబ్బంది తెచ్చుకోకుండానే ఆ రక్షణను కొంత సంపాదించిపెడుతుంది. అయిదారు నిమిషాలు నడిచి, తేలికగా జాగింగ్ చేసి, తర్వాత ఇరవై ముప్పై సెకన్ల చిన్న చిన్న పరుగులు కాస్త వేగంగా, మధ్యలో నిమిషం పైగా నడకతో, నాలుగైదు సార్లు తీయాలి. వేగం ఇలా హెచ్చుతగ్గులుగా ఉన్న వార్మప్‌తోనే అధ్యయనాల్లో ఎక్కువ మేలు కనిపించింది. మొదటి వారాల్లో ఈ వేగం పరుగులు అక్కర్లేదు, నడక పరుగుల వరసే వార్మప్ అవుతుంది. ఆపేటప్పుడు కూడా ఉన్నపళంగా ఆగకుండా పది నిమిషాలు నడుస్తూ ముగించాలి.

చలిగా, పొడిగా ఉన్న రోజున నోటికి ముక్కుకు పలుచటి గుడ్డ కట్టుకుంటే వదిలిన ఊపిరిలోని తేమ, వెచ్చదనం కొంత తిరిగి లోపలికొస్తాయి. చవకైన ఉపాయం, నిజంగా పనిచేస్తుంది.

పరుగు మానుకోవాల్సిన రోజులు

లండన్‌లో తేలికపాటి, మధ్యస్థ ఆస్తమా ఉన్న 60 మంది పెద్దవాళ్లను ఒకరోజు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండు గంటలు, ఇంకో రోజు హైడ్ పార్క్‌లో రెండు గంటలు నడిపించారు. అప్పట్లో ఆ వీధిలో డీజిల్ బస్సులు, టాక్సీలు తిరుగుతుండేవి. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, పార్కులో కంటే వీధిలో నడిచిన రోజున ఊపిరితిత్తుల పనితీరు ఎక్కువగా తగ్గింది, కఫంలో వాపు గుర్తులు పెరిగాయి. వాళ్లు పరుగెత్తలేదు, నడిచారంతే. పరుగులో దానికి ఎన్నో రెట్ల గాలి లోపలికి వెళ్తుంది. అందుకే రద్దీ రోడ్డు పక్కన పొద్దున్నే పరుగెత్తడం కంటే దూరమైనా లోపలి దారి, చెట్లున్న మైదానం వెతుక్కోవడం మేలు. గాలి నాణ్యత సూచీ బాగాలేదంటే ఇంట్లో వ్యాయామం చేసుకోవడమే మంచిది. ఎండ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నాల్లో నేల దగ్గర ఓజోన్ పెరుగుతుంది, అదీ నాళాలకు మంట పెట్టేదే.

ఈ విషయంలో ఇథియోపియా పరుగు వీరుడు హైలీ గెబ్రెసెలాసీ తీసుకున్న నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది. ఆయనకు ఆస్తమా ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గాలి కాలుష్యానికి భయపడి మారథాన్ నుంచి తప్పుకున్నారు, 10,000 మీటర్లు మాత్రం పరుగెత్తారు. అదే ఏడాది సెప్టెంబరులో బెర్లిన్‌లో 2 గంటల 3 నిమిషాల 59 సెకన్లలో మారథాన్ పూర్తిచేసి ప్రపంచ రికార్డు సృష్టించారు. ఒలింపిక్ మారథానే వదులుకోగలిగినప్పుడు మనం ఒక ఆదివారం పరుగు వదులుకుంటే పోయేదేమీ లేదు.

గడ్డి పుప్పొడి పడనివాళ్లు ఉరుములతో కూడిన గాలివాన ముందు, ఆ సమయంలో బయట పరుగెత్తకూడదు. తేమకు పుప్పొడి రేణువులు పగిలి అతి చిన్న ముక్కలవుతాయి, ముక్కులో ఆగాల్సినవి నేరుగా ఊపిరితిత్తుల లోపలికి పోతాయి. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఇలాగే జరిగి వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు, 10 మంది చనిపోయారు. వాళ్లలో తమకు ఆస్తమా ఉందని అంతకుముందు తెలియనివాళ్లు కూడా ఎందరో.

ఇక జలుబు. వైరస్ జలుబు ఆస్తమా అటాక్‌లకు అతి సాధారణమైన కారణం. ముక్కు కారడం తగ్గినా నాళాలు కొన్ని వారాలు సున్నితంగా ఉంటాయి. దగ్గు, కూతలు పూర్తిగా పోయి, రాత్రి నిద్ర మామూలయ్యాకే మళ్లీ పరుగు. అది కూడా వదిలిన చోటి నుంచి కాదు, రెండు మెట్లు దిగి మొదలుపెట్టాలి.

దారిలో ఆయాసం పడితే

మొదటి కూత వినపడగానే ఆగాలి. "ఇంకో అర కిలోమీటరే కదా" అనుకోకూడదు. నిటారుగా కూర్చోవాలి, పడుకోకూడదు. రిలీవర్ ఒక్కో పఫ్ చొప్పున, డాక్టరు రాసిచ్చిన ప్లాన్‌లో ఉన్నన్ని తీసుకోవాలి. తగ్గితే ఆ రోజుకు పరుగు అయిపోయినట్టే, నడుస్తూ ఇంటికెళ్లాలి. పఫ్‌లు తీసుకున్నా తగ్గకపోతే, ఒక వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోతే, పెదాలు గోళ్లు నీలంగా మారితే, మనిషి మగతగా అయిపోతే వెంటనే అంబులెన్సును పిలవాలి, అది వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. కూతలు ఆగిపోయాయి గానీ మనిషి తేరుకోలేదంటే అది మెరుగైనట్టు కాదు, గాలి ఆడటమే ఆగిపోతోందని అర్థం. ఆ దశలో తోడున్నవాళ్లే కాపాడాలి. అందుకే ఎవరితో పరుగెత్తుతున్నామో వాళ్లకు మన ఆస్తమా సంగతి, ఇన్‌హేలర్ ఏ జేబులో ఉందో ముందే చెప్పాలి. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు. బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు 14 ఏళ్ల వయసులోనే ఆస్తమా ఉందని తేలింది. 2003లో లండన్ మారథాన్‌ను ఆమె 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించారు, మహిళల్లో ఆ రికార్డు 16 ఏళ్లు నిలిచింది. ఆమె తన ఇన్‌హేలర్ సంగతి బాహాటంగానే చెప్తూ వచ్చారు.

పోటీల స్థాయికి వెళ్లేవాళ్లు డోపింగ్ నిబంధనలు చూసుకోవాలి. పీల్చే స్టెరాయిడ్‌లకు అనుమతి ఉంది. పీల్చే సాల్బుటమాల్‌కు 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల దాకా, అందులోనూ ఏ 8 గంటల్లోనైనా 600 మించకుండా అనుమతి ఉంది. సాల్బుటమాల్ లాంటిదే అయిన టెర్బుటాలిన్‌కు ముందస్తు అనుమతి కావాలి.

పరుగు కుదిరి, మూడు నెలల పాటు ఏ ఇబ్బందీ లేకుండా ఉంటే, డాక్టరు మందు మోతాదు ఒక మెట్టు తగ్గించే ఆలోచన చేయవచ్చు. ఆ తగ్గింపు జలుబు లేని, ప్రయాణాలు లేని, పోటీలు దగ్గర్లో లేని రోజుల్లో మొదలవ్వాలి. తగ్గించాక మొదటి కొద్ది వారాలు వేగం పెంచకుండా, పీక్ ఫ్లో అంకెలు రాసుకుంటూ పాత నెమ్మది పరుగులే తీయాలి. అంకెలు పడిపోతుంటే గానీ, రాత్రి దగ్గు తిరిగొస్తే గానీ, పాత మోతాదుకు వెళ్లే విషయం అదే వారంలో డాక్టరుతో మాట్లాడాలి.